చిన్న వేషం, పెద్ద కత్తి

1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ చూసినవాళ్లు కైరో బజారులోని ఆ నల్లబట్టల కత్తివీరుణ్ణి మరిచిపోరు. పాత్రకు పేరైనా లేదు. నడుముకు ఎర్రగుడ్డ, ముఖాన ధీమా, చేతిలో గిర్రున తిరిగే పెద్ద కత్తి. హీరో ఇండియానా జోన్స్ విసుగ్గా చూసి, పిస్తోలు తీసి ఒక్కసారి కాల్చాడు. అంతే సంగతులు!

నిజానికి అక్కడ కొరడాకూ కత్తికీ పెద్ద పోరాటమే అనుకున్నారు. ట్యునీషియా షూటింగులో హీరో హారిసన్ ఫోర్డ్‌ను విరేచనాలు పట్టుకోవడంతో అది ఒక్క తూటాకు కుదించుకుపోయింది. అయినా నవ్వు పండిందంటే, స్టంట్‌మన్ టెర్రీ రిచర్డ్స్ అంత ఆర్భాటంగా కత్తి తిప్పబట్టే. 1984లో వచ్చిన రెండో ఇండియానా జోన్స్ సినిమా కూడా ఆ సన్నివేశాన్ని తలుచుకుంది: ఈసారి ఇద్దరు కత్తివీరులు, హీరో తడుముకుంటే పిస్తోలు లేదు!

ఇలాంటి చిన్న వేషాలవాళ్లకే ఈ సంచిక. చదవండి, మీకు గుర్తున్నవాళ్ల గురించి రాయండి.

– సంపాదకుడు