పొలానికి ఘనజీవామృతం పెడుతున్నాం, దాన్ని మోసే ఒంటికి ఏం పెడుతున్నాం?



ఈసారి వీడియోలో విత్తనం లేదు, కషాయం లేదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి, ఇసుక పోసిన పాత గోతాం ఒకటి, రెండు బకెట్లు, అంతే. "ప్రకృతి వ్యవసాయంలోకి ఈ జిమ్ము గోల ఏంది?" అని కొందరికి అనిపిస్తుంది. సంబంధం ఉంది కాబట్టే తీశాం. ఎలా ఎత్తాలో వీడియోలో చూడండి. ఎందుకు ఎత్తాలి, ఏం తినాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూద్దాం. యూరియా బస్తా 45 కిలోలు. ఘనజీవామృతం అయితే ఎకరాకు 400 కిలోలు చల్లమంటున్నారు. ద్రవజీవామృతం ఒక డ్రమ్ము అంటే 200 లీటర్లు, పది లీటర్ల బకెట్టుతో మోస్తే ఇరవై సార్లు తిరగాలి. పేడ ఎత్తాలి, డ్రమ్ములో పూటపూటా కలియబెట్టాలి, వడకట్టాలి, 16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని సాళ్ళ వెంట నడవాలి. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ఈ పద్ధతిని ఊరూరా చెప్తోంది. పెట్టుబడి తగ్గుతుందని మనమూ చెప్తున్నాం. తగ్గే మాట నిజమే. కానీ ఎరువుల షాపులో కట్టని డబ్బులో కొంత మన నడుము కడుతోంది. ఆ ఖర్చు మాత్రం ఏ పుస్తకంలోనూ రాసుకోవడం లేదు.

ఈ పద్ధతి మొదలుపెట్టి మానేసినవాళ్ళను అడిగి చూడండి. దిగుబడి సంగతి ఎంత చెప్తారో, "ఒంట్లో ఓపిక లేదన్నా" అనే మాట కూడా అంతే చెప్తారు. అందుకే నా అభిప్రాయం ఏందంటే, రైతు ఒంటి బలం కూడా పెట్టుబడే. విత్తనం సిద్ధం చేసుకున్నట్టు దాన్ని కూడా ముందుగా సిద్ధం చేసుకోవాలి. అది డబ్బాలో దొరకదు. కొంచెం కొంచెంగా బరువు ఎత్తడం వల్ల, మన పొలంలో పండింది మన పళ్ళెంలోకి రావడం వల్ల వస్తుంది.

పొద్దస్తమానం పనే కదా, మళ్ళీ బరువులెందుకు?

వెలిగొండల కింద మన సీతారామపురం, ఉదయగిరి మెట్టల్లో ఎవరిని కదిలించినా ఇదే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

పని వేరు, సాధన వేరు. పనిలో బరువు మన మాట వినదు. కోత రోజుల్లో ఒక్కసారిగా మీద పడుతుంది, వానల్లేని నెలల్లో అసలే ఉండదు. ఎప్పుడూ ఒకే భుజం, ఒకే పక్క, ఒకే వంపు. కలుపు తీసేటప్పుడు గంటల తరబడి నడుము వంచే ఉంటాం. అలిసినా ఆపలేం, ఎందుకంటే కూలీలు మళ్ళీ దొరకరు. సాధనలో బరువు మన చేతిలో ఉంటుంది. ఇంత అని కొలుస్తాం, రెండు పక్కలా సమానంగా ఎత్తుతాం, మరుసటి రోజు విశ్రాంతి ఇస్తాం, వారం వారం కొంచెం పెంచుతాం. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు. తర్వాత తిని, నిద్రపోయేటప్పుడు.

ఇంకొకటి. పని కూడా మునుపటిలా లేదు. దుక్కికి ట్రాక్టరు, నీళ్ళకు మోటారు, పక్క వీధికి కూడా బండి. ముప్పై దాటాక ఏ సాధనా లేకపోతే పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరిగిపోతుందని వైద్యులు చెప్తారు. అరవై దాటాక ఇంకా వేగంగా పోతుంది. మంచం మీంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం వయసు ఒక్కదాని వల్లే కాదు, కండ పోవడం వల్ల కూడా. షుగరుకూ దీనికీ సంబంధం ఉంది. తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారితే, దాన్ని ఎక్కువగా తీసుకునేది కండే. కండ తగ్గి, పని తగ్గి, అన్నం మాత్రం పాత లెక్కనే తింటుంటే చక్కెర రక్తంలోనే నిలబడిపోతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండను బలపరిచే కసరత్తు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇందుకే. పహిల్వాన్లు కావడానికి కాదు.

డబ్బా కొనే ముందు బానలో చూడండి

మన పిల్లోళ్ళు కొందరు ఉదయగిరి, ఆత్మకూరు, నెల్లూరు జిమ్ములకు పోతున్నారు. పోనీయండి, మంచిదే. చెడు అలవాట్లకు పోవడం కంటే నూరు రెట్లు నయం. కానీ మొదటి నెలలోనే వేల రూపాయలు పెట్టి పొడి డబ్బా కొనుక్కొస్తున్నారు. అదే ఇంట్లో పండిన పెసలు, శనక్కాయలు బస్తాల్లో కట్టి అమ్మకానికి పోతున్నాయి. ఇంట్లో మాత్రం మూడు పూటలా తెల్లన్నం, పులుసు, పచ్చడి. రసాయనం లేకుండా పండించిన పప్పు పట్నంవాళ్ళు తింటారు, పండించిన ఇంట్లో పిల్లోడు డబ్బా పొడి కలుపుకుని తాగుతాడు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని, మంచి ప్రోటీన్‌ను ఆహారంలోంచే తెచ్చుకోవాలని చెప్పింది. ఇంజెక్షన్లు, కండ పెంచే మాత్రలు అని ఎవరైనా చెవిలో చెప్తే ఆ మనిషికే దూరంగా ఉండండి. అవి గుండెను, కాలేయాన్ని, సంతానాన్ని దెబ్బతీస్తాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచిన రోజుల్లో ఈ డబ్బాలు ఎక్కడున్నాయి?

ఎంత ప్రోటీన్ కావాలి? మామూలు మనిషికి ఒంటి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాములు అని ఆ సంస్థ లెక్క. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్ళకు 1.2 గ్రాముల నుంచి మొదలుపెట్టమని క్రీడా పోషణ నిపుణులు చెప్తారు. అదే మనిషికి 72 గ్రాములు. ఇది మన ఇంట్లోంచి వస్తుందా? చూడండి, ఒక రోజు లెక్క:

- పొద్దున 100 గ్రాముల రాగిపిండితో సంగటి: 7 గ్రాములు
- రెండు గుడ్లు: 13 గ్రాములు
- మధ్యాహ్నం, రాత్రి కలిపి 150 గ్రాముల బియ్యమో కొర్రలో: 12 గ్రాములు
- 50 గ్రాముల కందిపప్పు: 11 గ్రాములు
- సాయంత్రం 50 గ్రాముల ఉలవలో, పెసలో, అలసందలో గుగ్గిళ్ళు: 11 గ్రాములు
- గుప్పెడు శనక్కాయ పప్పులు, 40 గ్రాములు: 10 గ్రాములు
- 300 మిల్లీలీటర్ల పాలు, పెరుగు కలిపి: 10 గ్రాములు

మొత్తం 74. గుడ్డు తిననివాళ్ళు పప్పు, గుగ్గిళ్ళు, పెరుగు పెంచుకోవాలి. దీనికి ఆకుకూర, కూరగాయలు బాగా కలపండి. రోజుకు 400 గ్రాములు తినమన్నది ఆ సంస్థ మాటే. మునగాకు పెరట్లోనే ఉంటుంది, దాంట్లో ప్రోటీన్‌తో పాటు సున్నం కూడా ఉంది.

ఇక్కడ మనవాళ్ళకు నచ్చని మాటలు కొన్ని చెప్పాలి. సిరిధాన్యాలు తింటే చాలు, అన్నీ నయమైపోతాయి అన్నది సగం నిజమే. రాగుల్లో సున్నం బాగుంటుంది, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైనే. సజ్జల్లో ఇనుము ఉంది. పీచు అన్నిట్లో ఉంది. కానీ అవీ ధాన్యాలే, వాటిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. షుగరు ఉన్నాయన కొర్రన్నం గదా అని పళ్ళెం నిండా తింటే చక్కెర పెరగకుండా ఉండదు. అట్లాగే బెల్లం మనదే అయినా చక్కెరే. గానుగ నూనె అయినా నూనే. మారాల్సింది బియ్యం బదులు కొర్రలు అన్న ఒక్కటే కాదు. పళ్ళెంలో ధాన్యం తగ్గి, పప్పు, కూర పెరగాలి.

ఎట్లా మొదలుపెట్టాలి?

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు. ఒక్కోసారి అరగంట. చల్లపొద్దునో, ఎండ దిగాకో చేయండి. ముందు ఐదు నిమిషాలు నడిచి, చేతులు కాళ్ళు ఆడించండి. తర్వాత ఐదు కదలికలు:

1. బస్కీలు. వెనక నులక మంచం పెట్టుకుని దాని అంచున కూర్చుని లేచినట్టు చేయండి. మోకాళ్ళు లోపలికి వాలకూడదు.
2. నేల మీంచి ఎత్తడం. క్యాను కాళ్ళకు దగ్గరగా పెట్టుకోండి. నడుమును విల్లులా వంచకుండా తుంటిని వెనక్కి నెట్టి వంగండి, కాళ్ళ బలంతో లేవండి.
3. దండీలు. ముందు గోడకు చేతులు ఆన్చి, తర్వాత అరుగుకు, అది సులువైనాక నేల మీద.
4. లాగడం. అదే వంపులో నిలబడి, వీపు చక్కగా ఉంచి, క్యానును పొట్ట దగ్గరికి లాగండి. బావిలో చేద తోడిన చేతులకు ఇది తెలిసిన పనే.
5. మోత. రెండు చేతుల్లో రెండు బకెట్లు, సమానంగా. నిటారుగా నలభై అడుగులు.

మొదటి నాలుగూ ఒక్కోటి పది సార్లు, రెండు విడతలు. ఇంకో రెండు సార్లు చేయగలను అనిపించినప్పుడే ఆపండి. ఊపిరి బిగబట్టొద్దు, ఎత్తేటప్పుడు వదలండి.

బరువు పెంచడానికి ఇనుప చక్రాలు అక్కర్లేదు. లీటరు నీళ్ళు అంటే ఒక కిలో. క్యానులో ఐదు లీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒక లీటరు కలపండి. పదిహేను వారాలకు ఇరవై కిలోలు మీకు తెలియకుండానే ఎత్తుతుంటారు. సగం నిండిన క్యాను తొణుకుతుంది, ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఆ తర్వాత ఇసుక గోతాం. ఏ రోజు ఎంత ఎత్తారో నోట్‌బుక్కులో రాసుకోండి.

తొందర పడేవాళ్ళకు ఒక్క మాట. మన కళ్ళ ముందున్న ఉదయగిరి దుర్గం శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి కూడా ఒక్క దండయాత్రతో చిక్కలేదు. ఏడాదికి పైగా ముట్టడి వేస్తే 1514లో చేతికొచ్చింది. మూడు వారాల్లో కండలు రాలేదని మానేయొద్దు. మొదటి నెలన్నరలో పెరిగే బలం ఎక్కువగా నరాలు పని నేర్చుకోవడం వల్ల వస్తుంది. కంటికి కనిపించే మార్పు ఆ తర్వాతే.

ఆడవాళ్ళ సంగతి

ఇదంతా మగపిల్లల కోసమే రాశానని అనుకోవద్దు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. బరువులెత్తితే ఆడవాళ్ళు మగవాళ్ళలా అయిపోతారన్నది వట్టి మాట. వయసు మీద పడ్డాక వాళ్ళ ఎముకలు త్వరగా గుల్లబారతాయి, అందుకని బరువు సాధన వాళ్ళకే ఇంకా ముఖ్యం.

కానీ వాళ్ళ చేతికి బరువు ఇచ్చే ముందు పళ్ళెం చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వండిన మనిషి అందరి తర్వాత తింటే ఆమెకు మిగిలేది అన్నం, అడుగున పులుసు. గుడ్డు, పప్పు, గుగ్గిళ్ళు ముందే ఆమె పేరున తీసి పెట్టండి. నీరసం, ఆయాసం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తం లేని ఒంటితో సాధన చేస్తే అలసటే మిగులుతుంది.

ముందు డాక్టరును అడగాల్సినవాళ్ళు

బీపీ, గుండె జబ్బు, గిలక, నడుము నుంచి కాలికి లాగే నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు, కాన్పయి ఎన్నాళ్ళో కానివాళ్ళు అడిగే మొదలుపెట్టండి. షుగరుకు మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయొద్దు, కళ్ళు తిరుగుతాయి. మూత్రపిండాల జబ్బు ఉంటే ప్రోటీన్ పెంచే ముందే అడగాలి. మన మెట్టలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊళ్ళున్నాయి. కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు, మెడ, నడుము తిరగనివాళ్ళు సొంతంగా బరువుల జోలికి పోవద్దు. కండ తీపు రెండు రోజులుండి పోతుంది, అది మామూలే. కీలులో సూదిలా పొడిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపేయండి.

పెట్టుబడి లేని వ్యవసాయం అంటున్నాం కాబట్టి చివరగా ఒకటే అడుగుతున్నా. ఈసారి పంట చేతికొచ్చినప్పుడు బేరగాడు రాకముందే ఇంటి పప్పులు పక్కన పెట్టండి. ఇంట్లో మనిషికి రోజుకు వంద గ్రాములు, ఇందాకటి లెక్కలో మాదిరి పప్పుకు యాభై, గుగ్గిళ్ళకు యాభై. ఏడాదికి 36.5 కిలోలు అవుతుంది. నలుగురున్న ఇంటికి 146 కిలోలు, అంటే దాదాపు మూడు బస్తాలు. ఆ మూడు బస్తాలు అమ్మకం లెక్కలోకి రానీయొద్దు.