మోగ్లీ అడవిలో మనం ఎక్కడ?

హైస్కూలు హాస్టల్లో మాకు పెట్టిన మొదటి పేరు మోగ్లీ. మాలో ఏ ఒక్కరికో కాదు, గూడెం నుంచి వచ్చిన ప్రతివాడికీ అదే పేరు. గోండైనా మోగ్లీయే, కొలామైనా మోగ్లీయే, కోయ అయినా మోగ్లీయే. మొదట్లో మేము సంబరపడ్డాం. మోగ్లీ హీరో కదా! తోడేళ్ళ మధ్య పెరిగి షేర్‌ఖాన్‌నే ఎదిరించినవాడు కదా! ఒకరోజు బడికి తయారవుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వెనక నుంచి ఒకడు, "నీకు చొక్కా ఎందుకురా మోగ్లీ, చెడ్డీ చాలదా?" అన్నాడు. గదంతా నవ్వింది. మేమూ నవ్వాం. మమ్మల్ని చూసి మేమే ఎందుకు నవ్వామో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మా ఈడువాళ్ళంతా చిన్ననాటి కార్టూన్లను తలచుకుని మురిసిపోతున్నారు. ఆ ఆదివారాలే వేరంటున్నారు. మేమూ వాటిని మళ్ళీ చూశాం, ఫోన్‌లో, మా పిల్లల పక్కన కూర్చుని. చూశాక అనిపించినది దాచుకోకుండా చెబుతున్నాం. ఆ కార్టూన్లను ప్రేమించినందుకు మనం సిగ్గుపడక్కర్లేదు. కానీ వాటిలో మనకిచ్చిన చోటును ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి అనగలగాలి.

ముందు ప్రేమ సంగతి. 1990ల మొదట్లో దూరదర్శన్‌లో 'జంగిల్ బుక్' వచ్చేది. అది జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్ళు తీసిన 52 భాగాల సీరియల్. మన దగ్గరికి హిందీలో వచ్చింది. టైటిల్ పాట రాసింది గుల్జార్. 'డక్ టేల్స్' కూడా హిందీలోనే వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో ఉన్న ఒక్క టీవీ ముందు వందమందిమి నేల మీద కూర్చునేవాళ్ళం. మాకు హిందీ రాదు. నిజం చెప్పాలంటే అప్పటికి తెలుగు కూడా సగమే వచ్చు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, టీవీలో హిందీ. అయినా ఒక్క ఆదివారం మానలేదు. తర్వాత కేబుల్ వచ్చాక టామ్ అండ్ జెర్రీ చూశాం. దాని మీద మాకు ఇంకా ఎక్కువ ప్రేమ. అందులో మాటలు దాదాపు లేవు. పాఠం అడిగితే నోరు పెగలని మేము, టామ్ తోక తలుపులో పడితే అందరికంటే ముందు నవ్వేవాళ్ళం. నీ భాషేమిటని అడగనిది ఆ బడిలో అదొక్కటే.

కాబట్టి మేము ఫిర్యాదు చేస్తున్నది బయట నిలబడి కాదు. ఆ బొమ్మలు మావి కూడా.

ఇప్పుడు మళ్ళీ చూసినప్పుడు కనబడినది చెబుతాం.

మోగ్లీ కథకు మూలం రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చు వేసిన పుస్తకం. కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సియోని కొండల్లో. సియోని గోండుల నేల. కథలో మోగ్లీ ఈదే నది పేరు వైన్‌గంగ. అది కట్టుకథ నది కాదు. సియోని జిల్లాలో పుట్టి మహారాష్ట్ర మీదుగా దక్షిణానికి పారి, మన కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మోగ్లీ దూకిన నీళ్ళే మన పొలాల పక్క నుంచి పోతున్నాయి. ఈ ముక్క మాకు ఏ సారూ చెప్పలేదు. మోగ్లీ ఎక్కడో ఇంగ్లండు దగ్గరివాడనుకున్నాం.

మరి గోండుల నేలలో జరిగే కథలో గోండులు ఎక్కడ? మేము మళ్ళీ చూసిన భాగాల్లో ఒక్కరూ కనబడలేదు. అడవిలో తోడేళ్ళున్నాయి, ఎలుగున్నాడు, నల్లచిరుత ఉన్నాడు, కొండచిలువ ఉన్నాడు, కోతుల మంద ఉంది. అడవి అంచున పల్లె ఉంది, పల్లెలో రైతులూ వేటగాడూ ఉన్నారు. అడవిలోనే బతికే మనిషి మాత్రం లేడు. ఒక్క పిల్లవాడున్నాడు, వాడూ దారితప్పి వచ్చినవాడే. 1967లో డిస్నీ తీసిన సినిమాలోనూ అంతే. అక్కడ మనుషులు కావాలంటే మోగ్లీ అడవి వదిలి వెళ్ళాలి. చివరికి వెళ్తాడు కూడా.

ఇంకా వింత సంగతి ఉంది. కిప్లింగ్ తెల్లదొరల పాలనను మెచ్చుకున్న రచయిత. ఆయన మనకు చుట్టం కాదు. అయినా 1895లో వచ్చిన రెండో పుస్తకంలో ఆయనే గోండులను ఒకచోట తెస్తాడు. అడవి తమ మీదికి వస్తోందని భయపడిన పల్లెవాళ్ళు సలహా కోసం గోండు పెద్దను పిలిపించుకుంటారు. గోండులు ఆ దేశంలోకెల్లా పాత జాతి అనీ, ఆ నేలకు మొదటి హక్కుదారులనీ కిప్లింగే రాశాడు. సామ్రాజ్యవాది రాసిన పుస్తకంలో ఉన్న ఆ ఒక్క పేజీ, మనం ప్రేమించిన తెర మీదికి వచ్చేసరికి లేకుండా పోయింది. ఎవరూ కావాలని కొట్టేసి ఉండకపోవచ్చు. కథకు అవసరం లేదనుకుని ఉంటారు. మన బాధ సరిగ్గా అదే. మన అడవి కథకు మనం అవసరం లేదనిపించింది.

అడవిలో మనిషి కనబడిన కార్టూన్లు కూడా ఉన్నాయి. అవి ఇంకా ఘోరం. 1951 నాటి టామ్ అండ్ జెర్రీ చిత్రం 'హిజ్ మౌస్ ఫ్రైడే'లో టామ్ ఒక దీవికి కొట్టుకొస్తాడు. జెర్రీ ఒళ్ళంతా నల్లరంగు పూసుకుని నరమాంసం తినే 'ఆటవికుడి'లా వేషం వేసి టామ్‌ను భయపెడతాడు. చివరికి నిజం నరభక్షకులు వస్తారు, వాళ్ళూ నల్లవాళ్ళే. డిస్నీ 1953లో తీసిన 'పీటర్ పాన్'లో అమెరికా ఆదివాసులు ఎర్రరంగు మొహాలతో అర్థం లేని కేకలు వేస్తూ గెంతుతారు. ఆ దీవులు మనవి కావు, ఆ మనుషులు మనవాళ్ళు కారు. కానీ మొహానికి మసి, నడుముకు ఆకులు, నెత్తిన ఈక, నోట్లో అర్థం లేని కేక అనే ఆ బొమ్మ మన ఊరిదాకా వచ్చింది. ఎలా వచ్చిందో ఒక బడి వార్షికోత్సవంలో చూశాం.

'ఆదివాసీ నృత్యం' అని మైకులో చెప్పారు. పదిమంది పిల్లలు మొహాలకు బొగ్గు రాసుకుని, మామిడాకులు కట్టుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని, 'ఝింగాలాలా' అంటూ వచ్చారు. అందులో ముగ్గురు మన పిల్లలు. బొగ్గు రాసుకోమంటే రాసుకున్నారు. వాళ్ళ తాతలు దండారిలో గుస్సాడి వేసినవాళ్ళు. గుస్సాడికి నియమముంది, దీక్ష ఉంది, నెమలీకల టోపీకి పూజ ఉంది. ఆ నృత్యం నేర్పినందుకు మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఇంటి దగ్గర అంత విద్య ఉన్న పిల్లలకు, వేదిక మీద తమను తాము ఎలా చూపించుకోవాలో ఒక పాత కార్టూన్ నేర్పింది. చప్పట్లు కొట్టిన సార్లది చెడ్డ మనసని మేము అనం. వాళ్ళూ ఆ కార్టూన్లు చూసి పెరిగినవాళ్ళే.

"పిల్లల బొమ్మల్లో కూడా రాజకీయాలేనా?" అంటారు. ఈ మాట మాకు కొత్త కాదు. అయ్యా, రాజకీయం మేము తెచ్చింది కాదు. అడవి అంటే జంతువులూ చెట్లూ, మనిషి ఉంటే వాడు దారితప్పినవాడో ఆక్రమించినవాడో అన్న ఆలోచన బయట కూడా నడుస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా, పోడు పట్టా కోసం దరఖాస్తు పెట్టిన మనిషి తాను ఇక్కడివాడినేనని కాగితాలతో రుజువు చేసుకోవాలి. 2019 ఫిబ్రవరి 13న, హక్కులు తిరస్కరించినవాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా గోల పుట్టాక అదే నెల 28న దాన్ని నిలిపేసింది. ఆ రెండు వారాలూ మన గూడేల్లో ఎవరికీ నిద్రలేదు. కార్టూన్ చూసి ఎవరో ఆ ఉత్తర్వు ఇచ్చారని మేము అనడం లేదు. మనుషులు లేని అడవినే అడవి అని నమ్ముతూ పెరిగిన దేశానికి, అడవి నుంచి మనుషులను ఖాళీ చేయించడం పెద్ద విషయంగా తోచదు అంటున్నాం.

మరి ఏం చేయాలి? నిషేధించాలా? వద్దు. చెరిపేస్తే ఏమవుతుందో కూడా టామ్ అండ్ జెర్రీయే చెబుతుంది. పాత చిత్రాల్లో ఆ ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడ ఉంటుంది. ఆవిడ కాళ్ళూ చీపురూ కనబడతాయి గానీ మొహం దాదాపు కనబడదు. అది అవమానమని నల్లజాతివాళ్ళు అభ్యంతరం చెప్పారు, న్యాయమే. తర్వాత టీవీ కోసం కొన్ని చిత్రాల్లో ఏం చేశారో తెలుసా? ఆవిడను తీసేసి ఆ చోట తెల్లావిడ కాళ్ళు గీశారు. ముందు మొహం లేకుండా చేశారు, తర్వాత మనిషినే లేకుండా చేశారు. మనకు అలాంటి మందు వద్దు. 2020లో డిస్నీ తన 'పీటర్ పాన్' ముందు, ఇందులోని చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అన్న అర్థంలో ఒక హెచ్చరిక పెట్టింది. అది కొంత నయం. కానీ ఆ హెచ్చరిక మన నాలుగో తరగతి పిల్ల చదవలేదు. చదివి చెప్పాల్సింది మనం.

ఉపాధ్యాయ మిత్రులారా, ఒక పని చేసి చూడండి. మోగ్లీ ఒక భాగం పిల్లలకు చూపించండి. నవ్వనివ్వండి, ఆనందించనివ్వండి. అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ అడవిలో ఎవరున్నారు? మన అడవిలో ఉండి ఇందులో లేనివాళ్ళు ఎవరు? వాళ్ళు ఉంటే ఈ కథ ఎలా మారేది? ఒక బడిలో మేము అడిగినప్పుడు రెండో ప్రశ్నకు బోర్డు సరిపోలేదు. ఇప్పపూలు ఏరే అవ్వ, తునికాకు కట్టలు కట్టే అత్త, పశువుల కాపరి, తేనె తీసే మామ, పటేల్, పూజారి, ఫారెస్టు సారు. ఒక పిల్ల లేచి, "మోగ్లీ తప్పిపోతే మా అవ్వ ఇంటికి తీసుకొచ్చేది, తోడేలు దాకా ఎందుకు పోనిస్తది?" అంది. ముప్ఫై ఏళ్ళుగా మాకు తట్టని ప్రశ్న అది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీతో ఇంకో మాట. చూడటంతో ఆగకండి, గీయండి. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్‌కు చెందిన గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ లండన్‌లో ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆ నగరాన్ని గోండు కళ్ళతో గీశాడు. అక్కడి పెద్ద గడియార స్తంభం ఆయన బొమ్మలో కోడిపుంజు అయింది. మన ఊళ్ళో పొద్దు చెప్పేది పుంజే కదా! ఎక్కిన బస్సు నమ్మకమైన కుక్క అయింది. ఎక్కిన విమానం రెక్కలున్న ఏనుగు అయింది. రాత్రిపూట బయటికొచ్చే దొరలు గబ్బిలాలయ్యారు. 2004లో చెన్నైకి చెందిన తారా బుక్స్ దాన్ని 'ద లండన్ జంగిల్ బుక్' అనే పేరుతో అచ్చు వేసింది. కిప్లింగ్ మన అడవిని చూసి కథ చెబితే, మనవాడు వాళ్ళ నగరాన్ని చూసి కథ చెప్పాడు. తిట్టలేదు, వెక్కిరించలేదు, తన కళ్ళతో చూశాడంతే. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కార్టూన్ తీయడం మనవల్ల కాదనకండి. దేశమంతా చూస్తున్న ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లో, 2008లో. కొమురం భీమ్ పేరు పెట్టుకున్న జిల్లాలో కూడా భీమ్ ఎవరని అడిగితే చిన్నపిల్లలు లడ్డూ తినే భీమ్‌నే చెబుతున్నారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీమ్‌ను బొమ్మల్లో చూపించాల్సినవాళ్ళు ఎవరో రారు. పెద్ద స్టూడియో కావాలని కూర్చోకండి. పుట్టమన్నుతో బొమ్మలు చేసి, కొంచెం కొంచెం కదుపుతూ ఫోన్‌తో ఫొటోలు తీయండి. సెకనుకు 12 చొప్పున నిమిషానికి 720 ఫొటోలు. పదిమంది పిల్లలు కలిస్తే నాలుగు రోజుల పని. మాటలు గోండిలో పెట్టండి, కొలామీలో పెట్టండి, కోయలో, కువిలో, సవరలో పెట్టండి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, పేర్లు అందులోనే వేయొచ్చు. కథ కోసం వెతకాల్సిన పని లేదు. రాత్రి మంట దగ్గర అవ్వను అడిగితే చాలు.

మా పిల్లలు ఇప్పటికీ మోగ్లీ చూస్తున్నారు. మేము ఆపలేదు. మొన్న మా చిన్నది చూస్తూ చూస్తూ ఫోన్ ఆపి, "వీడికి గోండి వచ్చా నానా?" అని అడిగింది. రాదన్నాం. "మరి అడవిలో ఎట్ల బతుకుతడు?" అంది.

మమ్మల్ని మోగ్లీ అని పిలిచిన రోజు మేము అడగాల్సిన ప్రశ్న అదే. అప్పుడు మాకు నోరు రాలేదు. మన పిల్లలకు వచ్చింది. దాన్ని బడిలో మూయించకుండా చూసుకోవడం మన పని.