పడుకున్న బిడ్డ కళ్లతో...

పిల్లల వార్డు గోడలపై రంగురంగుల బొమ్మలు వేయడం కూడా దేవుని పరిచర్యే. రంగులు రోగి మనసుపైనే కాదు, శరీరంపైనా పనిచేస్తాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాశారు. అయితే ఆ బొమ్మలు ఎవరి కోసం? నిలబడి చూసే పెద్దల ఎత్తులో ఏనుగును, దాని పక్కనే పెద్ద అక్షరాల్లో సంఘం పేరును వేసి, ఫొటో దిగి వచ్చేస్తే సెలైన్ పెట్టించుకుని పడుకున్న బిడ్డకు ఒరిగేదేమిటి? ఆ బిడ్డకు కనిపించేది పైకప్పు, మంచం పక్క గోడ. బొమ్మ ఉండాల్సింది అక్కడే.

పిల్లల్ని అడ్డుకున్న శిష్యులపై యేసుప్రభువు కోపపడ్డాడని, ఆ పిల్లల్ని ఎత్తుకొని ఆశీర్వదించాడని మార్కు సువార్త 10వ అధ్యాయం చెబుతోంది. ఆయనది పిల్లల కోసం వంగిన ప్రేమ. కుంచె పట్టేముందు మనమూ వంగి, ఆ బిడ్డ కళ్లతో ఒక్కసారి చూద్దాం. గోడమీద సంఘం పేరు లేకున్నా ఫరవాలేదు. ఆ చేతులెవరివో ప్రభువుకు తెలుసు.