పదచ్ఛేదం ఎవరు చేయాలి?

డెబియన్ వాడే మిత్రులు లోహిత్ తెలుగు ఖతిని ఒక్క ఆదేశంతో దింపుకొంటారు. ఆ ఖతి మనకు ప్యాకేజీగా అందుతుంది. ప్యాకేజీ కట్టేటప్పుడు దస్త్రాలను నకలు చేయడం, అనుమతులు సరిదిద్దడం, కుదించడం వంటి పనులు తెరవెనుక వరుసగా జరుగుతాయి. డెబియన్‌లో వీటిని చేసిపెట్టే ఉపకరణాల సముదాయం పేరు డెబ్‌హెల్పర్. 1997లో జోయీ హెస్ ప్రారంభించిన ఇది పర్ల్ భాషలో ఉంది. అందులో ఆదేశాలను నడిపించడానికే ఉన్న రెండు చిన్న ప్రమేయాలున్నాయి: డూఇట్, కాంప్లెక్స్ డూఇట్. తెలుగు పండితుడికి పర్ల్‌తో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. విషయం పదచ్ఛేదానికి సంబంధించినది కనుక నా హద్దు నేను దాటలేదనే అనుకొంటున్నాను.

షెల్లు చేసే పని మన బడిపిల్లలు చేసే పనే. వాక్యాన్ని పుచ్చుకొని, ఖాళీ కనిపించిన చోటల్లా విరిచి, మొదటి పదాన్ని క్రియగాను తక్కినవాటిని కర్మలుగాను గ్రహిస్తుంది. నక్షత్రపు గుర్తు, డాలరు గుర్తు కనిపిస్తే వాటికి తన సొంత అర్థం చెప్పుకొంటుంది. పెళ్ళివారి పందిట్లో మావిడాకులు కట్టమంటే మంగళకరం; నడుమ ఒక్క ఖాళీ చేరితే అవి మా విడాకులవుతాయి. పింగళి సూరన రాఘవపాండవీయంలో సభంగశ్లేషతో రామకథనూ భారతకథనూ ఒకే పద్యంలో నడిపించాడంటే అది కవి ప్రతిభ. కంప్యూటరుకిచ్చే ఆదేశంలో శ్లేష ఉండరాదు.

కాంప్లెక్స్ డూఇట్‌కు ఆదేశమంతా ఒకే వాక్యంగా ఇస్తాం. విరుపు షెల్లు చేతిలో ఉంటుంది. డూఇట్‌కు మాత్రం పదాలను మనమే విడదీసి, జాబితాగా అందిస్తాం. దస్త్రం పేరులో ఖాళీ ఉన్నా, నక్షత్రమున్నా అది ఒకే పదంగా చేరవలసిన చోటికి చేరుతుంది. అర్థం తెలిసినవాడు వ్రాసినవాడే కనుక విరవవలసినవాడూ అతడే. ప్యాకేజీ కట్టే వ్యవస్థల్లో ఆదేశం నడిపే సహాయక ప్రమేయం మామూలుగా డూఇట్ పద్ధతిలోనే ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇది పట్టింపు మాత్రమే అనేవారికి 2011 నాటి బంబుల్‌బీ ఉదంతం గుర్తుచేస్తాను. ఎన్విడియా చిప్పులున్న కొన్ని ల్యాపుటాపుల కోసం లినక్సులో తయారైన సాఫ్టువేరు అది. దాని స్థాపక స్క్రిప్టులో ఒక లోపలి సంచయాన్ని తుడిచివేయమన్న ఆదేశముంది. దారిపేరులో యూఎస్ఆర్ అన్న మాట తరువాత ఒక ఖాళీ పొరపాటున దూరింది. షెల్లు దానిని రెండు పేర్లుగా విరిచి, యూఎస్ఆర్ సంచయాన్ని మొత్తంగా తుడిచిపెట్టింది. వ్యవస్థలోని ప్రోగ్రాములలో అధికభాగం ఉండేది అక్కడే. అదే దారిపేరును జాబితాలో ఒకే పదంగా ఇచ్చి ఉంటే, ఖాళీతో కూడిన ఆ పేరుగల వస్తువేదీ లేదు గనుక ఏమీ తుడిచిపెట్టుకుపోయేది కాదు.

అయితే పర్ల్‌లో ఒక చిక్కు ఉంది. జాబితాలో ఒకే ఒక్క అంశం ఉండి, అందులో షెల్లు గుర్తులుంటే పర్ల్ దాన్ని చడీచప్పుడు లేకుండా షెల్లుకే అప్పగిస్తుంది. డెబ్‌హెల్పర్ తన తరువాతి అనుకూలతా స్థాయిలలో డూఇట్‌లో ఈ దొడ్డిదారిని మూసివేసింది. ఆలస్యమైనా మంచి పని. పేర్లు కూడా నాకు నచ్చాయి. క్షేమమైనదానికి చిన్న పేరు, ప్రమాదమున్నదానికి పెద్ద పేరు. వ్రాసేవాడి చేయి సహజంగా చిన్నదానివైపే పోతుంది.

రెండవ సంగతి, ఆదేశం విఫలమైతే ఏం చేయాలన్నది. డూఇట్ అక్కడికక్కడే పని ఆపివేస్తుంది. జెంటూవారి పద్ధతిలో చాలాకాలం, సహాయక ఆదేశాలలో అనేకం విఫలమైనా ముందుకు సాగిపోయేవి. ప్రతి పంక్తి చివరా ఆగిపొమ్మని వ్రాసే బాధ్యత ప్యాకేజీ కర్తదే. మరచినచోట సగం దస్త్రాలు లేని ప్యాకేజీ నిక్షేపంగా తయారయ్యేది. 2011లో వచ్చిన ఈఏపీఐ 4తో సహాయకాలు విఫలమైతే ఆగిపోవడం నియమమైంది. వద్దనుకొన్నవారు నాన్‌ఫేటల్ అన్న మాట ముందు చేర్చుకోవాలి. మన వ్యాకరణ పరిభాషలో ఆగిపోవడం ఉత్సర్గం, సాగిపోవడం అపవాదం. అపవాదాన్ని వ్రాసి చూపించాలి గాని, ఉత్సర్గాన్ని ప్రతి పంక్తిలోనూ వ్రాయించడం శాస్త్రానికే విరుద్ధం.

ఫలితాన్ని దస్త్రంలోకి మళ్ళించాలంటే షెల్లు లేనిదే ఎలాగని కొందరంటారు. ఆ వాదానికి ఇప్పుడు బలం తగ్గింది. డూఇట్‌కే ఫలితం ఏ దస్త్రంలోకి పోవాలో, పని ఏ సంచయంలో జరగాలో చెప్పే వీలు కల్పించారు. మిగిలింది ఒక ఆదేశపు ఫలితాన్ని మరొకదానికి అందించే గొట్టపు పద్ధతి. డెబియన్ రూల్స్ దస్త్రంలో ప్యాకేజీ కర్తలు స్వయంగా వ్రాసే పంక్తులు నేరుగా షెల్లుకే పోతాయి. మామూలుగా గొట్టంలో చివరి ఆదేశం నెగ్గితే మొత్తం నెగ్గినట్లే లెక్క. మొదటిది చతికిలబడిన సంగతి ఎవరికీ తెలియదు. దీనికి విరుగుడైన పైప్‌ఫెయిల్‌ను పాసిక్స్ ప్రమాణంలో 2024లో చేర్చారు. అదీ అడిగినవారికే.