వేడి చేసిందట!

మొన్న మదీనాగూడలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక పెద్దావిడ తీర్పు చెప్పారు: "ఏం లేదమ్మా, ఆ పిల్లకి ఒంటికి వేడి చేసింది. బార్లీ సరిగ్గా కాచి ఉండరు." ఆ పిల్ల మా పై అంతస్తులోనే ఉంటుంది, హైటెక్ సిటీలో ఉద్యోగం. మూత్రంలో మంటని బార్లీ, సబ్జా, మజ్జిగలతో ఐదు రోజులు నెట్టుకొచ్చింది. ఆరో రోజు చలిజ్వరం, నడుంనొప్పి. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందన్నారు ఆసుపత్రిలో. తప్పు మాత్రం బార్లీ కాచినవాళ్ళదే!

ఏమిటీ వేడి? కోడిగుడ్డు వేడి, బొప్పాయి వేడి, మామిడిపండు మహా వేడి. థర్మామీటరుకి మాత్రం ఇందులో ఒక్కటీ దొరకదు. మూత్రపరీక్షలో ఎక్కువగా దొరికేది ఈకోలై. మన పేగుల్లోనే కాపురముండే ఈ సూక్ష్మజీవిని 1885లోనే ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పట్టుకున్నాడు. ఆడవాళ్ళ మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లు, మగవాళ్ళది సుమారు ఇరవై. అందుకే ఆడవాళ్ళలో దాదాపు సగంమందికి జన్మలో ఒక్కసారైనా ఈ మంట తప్పదు. నీళ్ళు ఎక్కువ తాగడం మంచిదే, కాదనను. బార్లీ నీళ్ళయినా నీళ్ళే. కానీ కిడ్నీ మీదికి పోతున్నదాన్ని చలువ చేసి ఆపలేం.

"మరి అమ్మకెందుకు చెప్పలేదే?" అన్నాను ఆ పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు. "సిగ్గేసింది ఆంటీ. రాత్రి రెండింటికి గూగుల్‌లో కొట్టాను. పొద్దున్నే హిస్టరీ చెరిపేశాను" అంది. దొంగతనం చేసినట్టు! నేనూ ఫోన్‌లో 'యూరిన్' అని కొట్టి చూశాను. మిగతా మాటలు అదే అందించింది: మంట, రక్తం, ఆగకపోవడం. మనకంటే ముందు అడిగినవాళ్ళ భయాలే అవన్నీ. అలాగని వెతుకులాటల్ని రోగుల లెక్కగా చూడకూడదు. గూగుల్ ట్రెండ్స్ ఇచ్చే సున్నా నుంచి వంద అంకెలు మనుషుల సంఖ్య కాదు, ఆసక్తి ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చెప్పే కొలత. వెతుకులాటల్ని బట్టి ఫ్లూని పసిగడతానని 2008లో బయల్దేరిన గూగుల్, అంచనాలు తలకిందులై 2015లో ఆ దుకాణం కట్టేసింది. కాబట్టి రోగమెంతో ఫోన్ చెప్పలేదు. ఇంట్లో నోరు విప్పలేని మాట ఏదో మాత్రం చెబుతుంది.

నా చిన్నప్పుడు ఎర్రబస్సు ప్రయాణమంటే మా అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేది. దారిలో బస్సాగితే మగవాళ్ళంతా దిగి గోడ చూసుకునేవాళ్ళు. అమ్మ కిటికీ పక్కన కదలకుండా కూర్చునేది. ఇల్లు చేరాక మంట. అప్పుడు మా నాయనమ్మ అనేది: "ప్రయాణం వేడి!"

ఆ బస్సులు పోయాయి. మేమిప్పుడు మూడు లిఫ్టుల అపార్ట్‌మెంటులో ఉన్నాం. మా ఇంట్లో పనిచేసే ఆమె పొద్దున ఆరింటికి వస్తుంది, మధ్యాహ్నం రెండింటికి పోతుంది. ఐదిళ్ళ పని. ఐదిళ్ళ బాత్రూములూ యాసిడ్ పోసి తోముతుంది. ఒక్కదాంట్లోనూ కూర్చోవడానికి లేదు. అడిగితే మైల అంటారు, శుభ్రత అంటారు, కులం పేరు మాత్రం ఎత్తరు. అందుకని ఆమె రెండయ్యేదాకా మంచినీళ్ళు ముట్టదు. మంటగా ఉందంటే ఒక ఇంటావిడ "ఎండలో తిరుగుతావు కదే, వేడి చేసుంటుంది" అందట. మెడికల్ షాపువాడు పేరు చెప్పకుండా రెండు మాత్రలిచ్చాడు. మంట తగ్గింది, పది రోజులకి మళ్ళీ వచ్చింది. మూత్రం కల్చర్ చేయిస్తే ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తేలిపోయేది. చేయించమని చెప్పినవాళ్ళెవరు? మా ఇంట్లో ఆమెది ఆరో ఏడు. "బాత్రూముకి వెళ్తావా" అని నేనడిగింది మాత్రం పోయిన నెలలో.

కింద వాచ్‌మన్ గది వెనక పనివాళ్ళ కోసమని కట్టిన మరుగుదొడ్డి ఒకటుంది. తాళం వేసి ఉంటుంది, లోపల పాత కుర్చీలు. కమిటీ పెద్దలారా, ఈ ఆదివారం మీటింగు కదా, వచ్చేటప్పుడు ఆ తాళంచెవి తీసుకురండి.