కిల్టు కట్టి బరిలోకి దిగేముందు

గ్లాస్గో నగరంలో ఉద్యోగరీత్యా పదేళ్ళకు పైగా ఉంటున్న తెలుగువాణ్ణి నేను. మా కార్యాలయంలో మా విభాగం వారందరం ఏడాదికొకసారి ఊరి వెలుపలి అడవిలో పెయింట్‌బాల్ ఆడడం ఆనవాయితీ. రంగుద్రవం నింపిన జిలెటిన్ గుళ్ళను గాలితుపాకీతో పేల్చుకుంటూ ఎదుటి జట్టు జెండాను ఎత్తుకురావడమే ఈ ఆట. రెండేళ్ళ క్రితం మా జట్టంతా స్కాట్లండు సంప్రదాయ దుస్తులైన కిల్టులతో బరిలోకి దిగితే బాగుంటుందన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన నాదే. దాని వలన కలిగిన సిగ్గు కూడా నాదే.

అంతర్జాలంలో వెతికి, హోటల్లో ఒక పూట భోజనం వెలకు ఒకటి చొప్పున ఎనిమిది కిల్టులు తెప్పించాను. ఆక్రిలిక్ గుడ్డ, నడుముకు వెల్క్రో పట్టీ, ఇస్త్రీపెట్టెతో నొక్కిన కుచ్చిళ్ళు. తోడుగా నకిలీ బొచ్చు సంచులు, ఎర్రజుట్టు అతికించిన టోపీలు. ఆట మొదలైన అరగంటకే వెల్క్రో ఊడింది, ముళ్ళకంప తగిలి గుడ్డ చీరింది, కుచ్చిళ్ళు విడిపోయి దుప్పటిలా వేళ్ళాడాయి. చూసినవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాము.

నవ్వనివారు ఒక్కరే. లూయిస్ దీవి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మా విభాగంలో ఉన్నారు. ఆ సరంజామాను ముందురోజు చూసి, తనకు వేరే పని ఉన్నదని చెప్పి ఆటకు రాలేదు. కొన్నాళ్ళకు టీ తాగుతూ, తన తాత సీఫోర్త్ హైలాండర్స్ పటాలంలో చేరి మొదటి ప్రపంచయుద్ధంలో కిల్టుతోనే కందకాలలో నిలిచాడని మాత్రం చెప్పారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను పొడిచింది. ఎవరైనా మన పంచెకట్టును ఇలాగే వేళాకోళం చేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణా? పెళ్ళిపీటల మీద వెల్క్రో పంచెలకు అలవాటు పడిన జాతివాళ్ళం గనుక ఆ ప్రశ్న అడిగే అర్హత కూడా కొంత తగ్గిందేమో గాని, ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

ఆ తరువాత కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. నా అభిప్రాయం ఇది: కిల్టును బురదలోకి తీసుకువెళ్ళడం అవమానం కాదు, బురదకు నిలవని కిల్టును తీసుకువెళ్ళడమే అవమానం.

కిల్టు మొదట కొండవాళ్ళ పనిబట్ట. తొలిరూపం కుట్టులేని పొడుగాటి ఉన్నిగుడ్డ. కుచ్చిళ్ళు పెట్టి నడుముకు పటకా బిగిస్తే పగలు దుస్తులు, విప్పితే రాత్రి దుప్పటి. పంచె కట్టిన తాతలున్న మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పై సగం తీసివేసి, కింది సగాన్ని కుట్టినది పద్దెనిమిదవ శతాబ్దపు చిన్న కిల్టు. తిరుగుబాటు అణచివేత తరువాత బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి సైనికులకు తప్ప స్కాట్లండులోని మగవారికి ఈ వేషాన్ని నిషేధించింది. మొదటి తప్పుకు ఆరు నెలల చెర, రెండవసారి పట్టుబడితే ఏడేళ్ళ ద్వీపాంతరం. ఆ నిషేధం 1782 దాకా తొలగలేదు. తీరా 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చినప్పుడు, వాల్టర్ స్కాట్ నడిపిన ఉత్సవంలో, ఆ రాజే గులాబీరంగు మేజోళ్ళ మీద కిల్టు కట్టాడు. నిన్నటి నేరం నేటి అలంకారమైంది. వేషం వేరు, వస్త్రం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

కనుక ఎంపికలో మొదటి మాట గుడ్డ. సంప్రదాయపు కిల్టుకు 8 గజాల ఉన్ని పడుతుంది. మన ఆరు గజాల చీర కంటె ఎక్కువే. గుడ్డ బరువును గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు: 10, 11 తేలిక, 13 మధ్యరకం, 16 బరువు. ముళ్ళకూ తేమకూ 16 ఔన్సులది నిలుస్తుంది గాని, చేతికుట్టు కిల్టు ధర వందల పౌన్లు. ఏడాదికొక ఆటకు జట్టంతా అంత పెట్టాలనడం అన్యాయం; మాలో ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలూ ఉన్నారు. అటువంటివారికి పాలిస్టరు, విస్కోసు కలిపి నేసిన గుడ్డ మంచిది. ఇంట్లో ఉతుక్కోవచ్చు, ఆక్రిలిక్‌లా పోగులు లేవదు. మందపాటి నూలు కాన్వాసుతో కుట్టే జేబుల కిల్టులు కూడా గట్టివే. మన పొరుగున పాకిస్తానులోని సియాల్‌కోట్‌లో తయారైన కిల్టులు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. ఊరిపేరు చూసి కాదు, కుట్టు చూసి కొనాలి.

కుట్టు చూడడం ఎలా? వెనుక కుచ్చిళ్ళు నడుము నుంచి పిరుదుల దాకా గట్టిగా కుట్టి ఉండాలి. ఒక కుచ్చిలి పట్టి లాగితే పక్కది కదలకూడదు. నడుముకు తోలుపట్టీలు, లోహపు బకిల్సు ఉండాలి, వెల్క్రో కాదు. లోపల నడుము దగ్గర గట్టి గుడ్డ వేసి ఉండాలి. మంచి ఉన్ని కిల్టుకు కింద మడత కుట్టు ఉండదు. నేతలో వచ్చిన అంచే కింది అంచు. మన చీర అంచు చూసే కంటికి ఇది ఇట్టే తెలుస్తుంది.

గళ్ళ విషయానికి వస్తే, నాబోటి పరాయివాడు ఎవరి వంశపు టార్టన్ కట్టాలి అన్న సందేహం సహజం. వంశానికొక గళ్ళనమూనా అన్న కట్టడి చాలావరకు పందొమ్మిదవ శతాబ్దంలో స్థిరపడినదే. అయినా ఒక కుటుంబం తమదనుకునే గుర్తును ఊరికే తగిలించుకోవడం నాకు నచ్చదు. అందరికీ చెల్లే టార్టన్లున్నాయి. ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు కలిసిన బ్లాక్ వాచ్ వాటిలో ఒకటి. అడవిలో దాగడానికి కూడా అదే అనుకూలం. మొదటిసారి మేము కట్టిన నిగనిగల ఎరుపు, ఎదుటివాడికి గురి చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

ఇక ఉపకరణాలు. ఇక్కడ నా మాట కఠినంగానే ఉంటుంది: సగం ఇంట్లో వదిలిరండి. మేజోటిలో దోపుకునే చిన్నకత్తి స్కియన్ దూ ఎంత ముచ్చటైనదైనా, పరుగెత్తి పడిపోయే ఆటలో దానికి చోటు లేదు. సూది ఉన్న కిల్టు పిన్నుదీ అదే గతి. నాలుక లేని గిల్లీ బ్రోగ్స్ చెప్పులు నున్నటి తోలు అడుగుతో బురదలో జారుతాయి. చీలమండను పట్టే బూట్లు వేయండి. ముందు వేలాడే స్పోరాన్ సంచి బొచ్చుది వద్దు, సాదా తోలుది చాలు. పరుగులో తొడలకు కొట్టుకోకుండా పక్కకు తిప్పుకోవచ్చు. మందపాటి ఉన్ని మేజోళ్ళు మాత్రం తప్పనిసరి. ఇక్కడి పొదలలో పిడుదులుంటాయి, వాటి కాటుతో లైమ్ వ్యాధి రావచ్చు. ఆట ముగిశాక మోకాళ్ళూ తొడలూ తడిమి చూసుకోవాలి. టోపీ కంటె ముఖకవచం ముఖ్యం. కవచం పట్టీని కదిలించే ఏ టోపీ అయినా కంటికి శత్రువే.

కిల్టు లోపల ఏమి వేసుకుంటారన్న పాత పరిహాసానికి ఈ ఆటలో జవాబు ఒక్కటే: ముదురురంగు పొడుగు నిక్కరు. సెకనుకు 300 అడుగుల దాకా వేగంతో వచ్చే గుండు పరిహాసమెరుగదు. మరొక న్యాయం కూడా ఉన్నది. గుండు పగిలితేనే దెబ్బ లెక్కకు వస్తుంది. మందపాటి ఉన్ని మడతల మీద పడిన గుండు పగలకుండా ఎగిరిపోవచ్చు. అందుచేత ఆట నడిపేవారికి ముందే చెప్పి, వారి ఒప్పుదల తీసుకోవాలి. గెలిచిన తరువాత కిల్టు వలన గెలిచారన్న మాట పడడం కంటె ఇది మేలు. రంగు నీటిలో కరిగేదే గనుక చన్నీటిలో జాడించి నీడన ఆరవేస్తే చాలు. ఉన్నిని వేన్నీళ్ళలో ముంచితే ముడుచుకుపోతుంది.

మరుసటేడు మేము బ్లాక్ వాచ్ గళ్ళలో, ఉతికే రకం కిల్టులు తీసుకున్నాము. కొత్తగా చేరినవారి ఖర్చులో సగం పెద్దలం పంచుకున్నాము. ఏది కొనాలో ముందుగా లూయిస్ పెద్దాయననే అడిగాను. మొదటిసారే అడిగి ఉండవలసినది. ఆయన కుట్లు పట్టి చూసి రెండింటిని తిప్పి పంపించారు.

ఆట రోజున ఆయనా వచ్చారు, తన సొంత ఉన్ని కిల్టుతో. దాని మీద ఖాకీరంగు నూలుగుడ్డను ముసుగులా కట్టుకొని ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో హైలాండ్ సైనికులు కిల్టు కనబడకుండా, మాయకుండా ఇటువంటి ఖాకీ ముసుగునే కట్టేవారట. బురదకు వెరచి బట్టను పెట్టెలో దాచలేదు ఆయన. అలాగని నవ్వులకు వదిలివేయనూ లేదు. సాయంత్రానికి ఆ ఖాకీ మీద నాలుగు పసుపుపచ్చ మరకలు పడ్డాయి. అందులో రెండు నేను కొట్టినవే.