బొమ్మల పుస్తకం చదివితే చదువు పాడవుతుందా?

వార్షికోత్సవ సంచిక అనగానే క్రమశిక్షణ గురించో, పదో తరగతి ఫలితాల గురించో రాయడం ఆనవాయితీ. వాటిని మాకంటే బాగా రాసేవారు ఉన్నారు. మేము ఈసారి నాగరాజ్, ధ్రువ, స్పైడర్‌మాన్‌ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాం. నవ్వకండి! విషయం చిన్నది కాదు.

సాలూరులో లారీకి సంబంధం లేని ఇల్లు తక్కువ. అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారిగా పిలిచే రాయపూర్ రోడ్డు మన ఊరి మీదుగానే ఘాటీ ఎక్కుతుంది. మా బ్యాచ్‌లో ఒకడి మావయ్య లారీ క్లీనరు. తొంభయ్యో దశకంలో ఒకసారి జగదల్‌పూర్ వైపు నుంచి వస్తూ సీటు కింద పడేసి ఉన్న రెండు హిందీ బొమ్మల పుస్తకాలు మేనల్లుడికి తెచ్చి ఇచ్చాడు. ఒకదానికి అట్ట లేదు. రెండో దాని మీద ఒళ్లంతా ఆకుపచ్చ పొలుసులున్న మనిషి, అతని చేతుల్లోంచి పాములు దూసుకొస్తున్నాయి. "ఏటిరా అది?" అని ఒకడు అడిగేసరికి గదిలో ఉన్న పద్దెనిమిది మందిమీ దాని చుట్టూ మూగిపోయాం.

ఆ పాముల మనిషి పేరు నాగరాజ్. రాజ్ కామిక్స్ వారు 1986లో మొదలుపెట్టిన హీరో. దుర్మార్గుడైన ఒక ప్రొఫెసరు అతన్ని ఆయుధంలా తయారుచేసి అమ్ముకోబోతే, ఎదురు తిరిగి మంచివైపు వచ్చినవాడు. మాకు హిందీ అంటే ఇరవై మార్కులు వస్తే చాలు, గట్టెక్కేసే సబ్జెక్టు. అలాంటి మేము ఆ రాత్రి ఒక్కో బుడగలోని మాటలు కూడబలుక్కుని చదివాం. అర్థం కానిచోట బొమ్మ చెప్పింది. బొమ్మ కూడా చెప్పనిచోట మేమే కథ అల్లుకున్నాం. మర్నాడు హిందీ మాస్టారి దగ్గరికి వెళ్లి ఒక మాటకి అర్థం అడిగితే ఆయన మా ముఖాల వంక అనుమానంగా చూశారు. హిందీలో సందేహం అడిగిన హాస్టలు పిల్లల్ని ఆయన అదే మొదటిసారి చూడటం కాబోలు!

అట్ట లేని పుస్తకమే మమ్మల్ని ఎక్కువ కాలం పట్టుకుంది. అది సూపర్ కమాండో ధ్రువ కథ. అనుపమ్ సిన్హా గారు 1987లో సృష్టించిన ఈ కుర్రాడికి మహిమలు లేవు. ఎగరలేడు, గోడలు ఎక్కలేడు. సర్కసులో పుట్టాడు. ఆ సర్కసు తగలబడిపోయి తల్లిదండ్రులు చనిపోతే పరాయివాళ్ల ఇంట పెరిగాడు. ఉన్నదల్లా బుర్ర, సాధన, ఒక మోటారు సైకిలు. ప్రతి కథలోనూ చేతికి దొరికిన వస్తువుతో, సైన్సు పాఠంలోని ఏదో ఒక సూత్రంతో గండం గట్టెక్కుతాడు. అమ్మానాన్నలను వదిలి రేకు పెట్టెతో వచ్చిన పిల్లలకి ఇంతకంటే దగ్గరి హీరో ఎవరు దొరుకుతారు? చెప్పండి.

ఆ తర్వాత మా గదిలో ఒక బ్యాంకే నడిచింది. పుస్తకం ఒక రాత్రి కావాలంటే ఒక గుడ్డు. కాస్మెటిక్ డబ్బులు చేతికి వస్తే సబ్బు సగం ముక్క కొని, మిగిలిన దానితో పాత పేపర్ల కొట్టులో వెతుకులాట. లారీ ఎక్కే చుట్టాలున్న వాడికి గదిలో మంచి చోటు! ఒకసారి ఒక పెద్ద మనిషి మా పుస్తకాలన్నీ లాక్కుని, "ఇవి చదివితే మీరు బాగుపడరు" అని పొయ్యిలో వేయించారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. కానీ ఆ మాటకు జవాబు ఇవ్వాలని ఇన్నేళ్లుగా ఉంది. ఆ పద్దెనిమిది మందిలో ఇప్పటికీ పుస్తకం కొని చదివేవాళ్లు ఎవరని లెక్క చూస్తే, ఆ రాత్రి బుడగల కోసం కొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి మాకు కాలేజీకి వెళ్లాక గానీ తట్టలేదు. ఈ హీరోలందరికీ రెండు పేర్లు, రెండు బతుకులు. 1938లో సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అమెరికాకు వలస వచ్చిన యూదు కుటుంబాల కుర్రాళ్లు. ఆ హీరో మీద హక్కులన్నీ 130 డాలర్లకు ఇచ్చేసుకున్నారు పాపం. వాళ్ల హీరో కళ్లద్దాలు పెట్టుకుని, తానెవరో చెప్పకుండా ఆఫీసులో తల వంచుకుని పని చేస్తాడు. విశాఖలో అద్దె గది కోసం తిరిగినప్పుడు మాకు ఆ కళ్లద్దాలే గుర్తొచ్చాయి. "మీరేవుట్లు?" అని ఇంటావిడ అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు?

అంబేద్కర్ గారికీ ఇది తప్పలేదు. 1917లో విదేశీ చదువుతో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని తలదాచుకున్నారు. కొద్ది రోజుల్లోనే సంగతి తెలిసి, కర్రలు పట్టుకు వచ్చినవాళ్లు ఆయన్ని వెళ్లగొట్టారు. 2011లో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు ఈ ఘట్టాలను 'భీమాయన' పేరుతో బొమ్మల పుస్తకంగా వేశారు. నీళ్లు, గూడు, ప్రయాణం అని అందులో భాగాలు. రహస్యంగా బతికే హీరోల కథల రుచి ముందే తెలిసి ఉండటం వల్ల కాబోలు, ఆ పుస్తకం మాకు పాఠంలా అనిపించలేదు. మన హీరో ముసుగు ఇష్టపడి వేసుకోలేదు, ముసుగు లేకుండా నిలబడే చోటు కోసం పోట్లాడాడు.

ఇదంతా పైదేశం సరుకు అనేవారికి ఒక మాట. 1947లో పుట్టిన మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' మొదలుకొని ఎన్ని సాహస సీరియళ్లు రాలేదు? చందమామకు రంగుల ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు మన శ్రీకాకుళంలో పుట్టినవారే. బొమ్మ చూసి కథలోకి దిగడం మన తాతల నాటి అలవాటు. చందమామ ఇప్పుడు రావడం లేదు, అది వేరే దుఃఖం.

అలాగని ఈ పుస్తకాలన్నీ బంగారం అనం. హీరోలు ఎప్పుడూ తెల్లగా, రాక్షసులు ఎప్పుడూ నల్లగా ఎందుకుంటారో అడగాల్సిందే. ఆడపిల్ల చాలాచోట్ల కొండ అంచున వేలాడటానికే పుడుతుంది. 1966లో బ్లాక్ పాంథర్ వచ్చేదాకా పెద్ద అమెరికన్ కంపెనీల పుస్తకాల్లో నల్లజాతి సూపర్‌హీరో లేడు. చదివినవాడే ఇలాంటి తప్పులు పట్టగలడు, పొయ్యిలో వేసినవాడు పట్టలేడు.

ఇప్పుడు తమ్ముళ్లకు ఇవన్నీ సినిమాలుగా ఫోనుల్లో తెలుసు. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో మన పల్లెటూరి కుర్రాడే సూపర్‌హీరో అయ్యాడు, సంతోషం. అయితే సినిమా తన వేగంతో మనల్ని లాక్కుపోతుంది. పుస్తకంలో రెండు బొమ్మల మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ ఏం జరిగిందో చదివేవాడే ఊహించుకోవాలి. ఆరో తరగతికి వచ్చి ఇంకా తెలుగు కూడబలుక్కునే పిల్లవాడికి ఆ ఖాళీయే మెట్టు. వాడికి లావుపాటి నీతి కథల పుస్తకం ఇచ్చి "చదవరా" అంటే మూసి పడుకుంటాడు. మేమూ పడుకున్నాం.

అందుకని వార్డెన్ గారికీ, పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. మన గ్రంథాలయం బీరువాలో పోటీ పరీక్షల గైడ్ల కింద అర ఒకటి ఖాళీగా ఉంది. వార్షికోత్సవానికి వచ్చేవారు శాలువలు, దండలు మానేసి, మీ పిల్లలు చదివేసిన బొమ్మల పుస్తకాలు తలో రెండు తెండి. తెలుగైనా, హిందీ అయినా, ఇంగ్లీషైనా సరే. అట్టలు లేకపోయినా పరవాలేదు. బీరువాకి మాత్రం తాళం వేయకండి.